కుంభం అంచు, తులసి పూసలు, పాత లెన్సు: బరంపురంలో ఒక షష్టిపూర్తి పోర్ట్రెయిట్ల కేస్ స్టడీ

ఆర్డరు ఇదీ. ఒడిశాలోని బరంపురంలో తరాలుగా పట్టు నేసిన ఒక దేవాంగ కుటుంబం. ఇంటి యజమానికి షష్టిపూర్తి. దంపతులిద్దరినీ కలిపి గోడకు పెట్టుకునేలా 20×30 అంగుళాల ఫొటో ఒకటి, విడివిడిగా ఒక్కోటి, ఆయన తల్లిగారిది ఒకటి కావాలన్నారు. మాట్లాడింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మాయి. ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూపించి, “అన్నయ్యా, వెనకాల ఆకులన్నీ ఇలా గుండ్రంగా తిరుగుతున్నట్టు రావాలి. పాత లెన్సుతో తీస్తేనే వస్తుందట కదా” అంది. వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు, వీధి మాత్రం రాయడం లేదు.

పాత లెన్సు పోర్ట్రెయిట్‌కు మేలా, చేటా అని మా గంజాం, గజపతి జిల్లాల్లో కొత్తగా స్టూడియో పెట్టిన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. సాధారణంగా దీనికి జవాబులు గాలిలోనే ఉంటాయి. ఒకరు “పాత గాజులో ప్రాణం ఉంటుంది” అంటారు, ఇంకొకరు “చెత్త, డబ్బు దండగ” అంటారు. ఈ ఆర్డరులో ఒకే ఇంట్లో, అవే మొహాల మీద, పాతవీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తీసే వీలు దొరికింది. ఆ మొహాల యజమానులే ప్రింట్లు చూసి తీర్పు చెప్పారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కూర్చున్న మనిషికి ఏది ముఖ్యమో అదంతా లెన్సు నడిమి భాగంలో పట్టిందా, పాత లెన్సు మేలు చేస్తుంది. పట్టలేదా, వెనకాల ఎంత అందమైన బ్లర్ వచ్చినా అది చేటే.

సామాను

బాడీ సోనీ ఏ7 మార్క్ 3. ఫుల్ ఫ్రేమ్, 24 మెగాపిక్సెల్. కొత్త లెన్సు సోనీ 85 ఎంఎం ఎఫ్/1.8. (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే, వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, అంత పెద్దగా తెరుచుకున్నట్టు.) పాతవి మూడు పట్టుకెళ్లాను.

మొదటిది హెలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2. సోవియట్ యూనియన్‌లో జెనిత్ కెమెరాలతో పాటు వచ్చిన లెన్సు. 1930ల్లో జర్మనీలోని యెనాలో కార్ల్ జైస్ సంస్థ చేసిన బయోటార్ దీనికి మూలం. నాలుగు గ్రూపుల్లో ఆరు ఎలిమెంట్లు (గాజు బిళ్లలు), ఎనిమిది అపెర్చర్ బ్లేడ్లు. అమ్మాయి ఫోన్‌లో చూపించిన సుడి ఈ లెన్సుకు పేరు తెచ్చిన సుడే.

రెండోది అసాహీ పెంటాక్స్ వారి సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4. మా మేనమామ స్టూడియో మూసేసినప్పుడు నా చేతికి వచ్చింది. ఇది ఏడు ఎలిమెంట్ల రకం. లోపలి గాజులో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపి చేశారు. ఆ రేడియేషన్ వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజు తేనెరంగుకు తిరుగుతుంది. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అతినీల లోహిత కాంతి తగిలేలా కొన్ని రోజులు ఉంచితే ఆ రంగు చాలావరకు విరుగుతుంది. మామూలుగా వాడుకుంటే భయపడాల్సింది లేదు కానీ, గాజు పగిలితే ఆ పొడి నోట్లోకి, ముక్కులోకి పోనివ్వకూడదు.

మూడోది నిక్కోర్ 105 ఎంఎం ఎఫ్/2.5. విశాఖలో రిటైరైన ఒక ప్రెస్ ఫొటోగ్రాఫర్ దగ్గర కొన్నాను. స్టీవ్ మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి ఫొటో, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చినది, ఈ రకం లెన్సుతో తీసిందే. ఆ ఫొటోలో సుడి లేదు, పొగలాంటి మెరుపు లేదు. రెండు కళ్లు ఉన్నాయి. పాత లెన్సు అనగానే సుడి ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

హెలియోస్, టాకుమార్ రెండూ కెమెరాకు తిప్పి బిగించే ఎం42 స్క్రూ మౌంట్‌వి. ఆ మౌంట్ నుంచి ఫిల్మ్ దాకా ఉండాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. లోపల అద్దం లేని సోనీ మిర్రర్‌లెస్‌లో అది 18 మిల్లీమీటర్లే కాబట్టి మధ్యలో ఖాళీ గొట్టంలాంటి అడాప్టర్ పెడితే సరిపోతుంది. మా వైపు ఇంకా చాలా స్టూడియోల్లో లోపల అద్దం ఉండే నిక్కాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లే ఉన్నాయి. వాటిలో ఆ దూరం 46.5. అంటే లెన్సు ఉండాల్సిన చోటుకంటే కాస్త ముందుకు జరిగి కూర్చుంటుంది, దూరపు వస్తువులు ఫోకస్‌లోకి రావు. అందుకని చవక గాజు పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు. ఆ గాజు పాత లెన్సుకున్న మంచిని కూడా పాడు చేస్తుంది. పోర్ట్రెయిట్‌కే అయితే గాజు లేని అడాప్టర్ చాలు. మీటరు దూరంలో ఉన్న మొహానికి ఫోకస్ దొరుకుతుంది, కొండ మనకు అక్కర్లేదు.

ముందు రోజు రాత్రి మూడు లెన్సులనూ చీకటి గదిలో టార్చి వేసి వెనక వైపు నుంచి చూశాను. గోపాల్‌పూర్ సముద్రం మాకు పక్కనే. వానాకాలంలో గాలి తేమకు లెన్సు లోపల ఫంగస్ దారాలు అల్లుకుంటుంది, గ్రీజు ఆవిరై గాజు మీద మసకగా పేరుకుంటుంది. ఇలా మసకేసిన లెన్సును “వింటేజ్ గ్లో” అని అమ్మేవాళ్లున్నారు. లెన్సు డిజైన్‌లో ఉన్న మెత్తదనం వేరు, జబ్బు చేసిన గాజు వేరు. మొదటిది అపెర్చర్ మూస్తే తగ్గుతుంది. రెండోది మూసినా పోదు. నేను చెప్పే ఫలితాలన్నీ గాజు శుభ్రంగా ఉన్న లెన్సులవి.

సుడి ఎక్కడి నుంచి వస్తుంది

ఇది అర్థమైతే మిగతా కేసంతా అర్థమవుతుంది. లెన్సు మధ్య నుంచి వచ్చే వెలుగుకు దారి పూర్తిగా తెరిచి ఉంటుంది. అంచుల వైపు ఏటవాలుగా వచ్చే వెలుగును లెన్సు గొట్టం ముందు అంచు, వెనక అంచు కొంత కోసేస్తాయి. ఆకుల సందుల్లోంచి వచ్చే ఒక చుక్క వెలుగు ఫ్రేము మధ్యలో గుండ్రంగా వస్తే, అంచు దగ్గర బాదం గింజలా వస్తుంది. ఆ గింజలన్నీ మధ్య చుట్టూ వలయంగా పడుకుని కనిపిస్తాయి. దానికి తోడు ఫోకస్ తలం చదునుగా కాక వంపు తిరిగి ఉండటం, అంచుల దగ్గర చుక్క ఒక దిక్కుకు సాగిపోవడం. మూడూ కలిస్తే ఆకులు తిరుగుతున్నట్టు కనబడతాయి.

ఈ లోపాలకు ఏది ఆకో, ఏది మనిషో తెలియదు. వెనకాల ఆకులను తిప్పినట్టే, అంచు దగ్గరికి వచ్చిన భుజాన్ని, చేతిని, చీర కొంగును కూడా అవి మసక చేస్తాయి. అపెర్చర్ మూస్తే అంచులు బాగుపడతాయి, కానీ గొట్టం కోత తగ్గిపోయి సుడి కూడా పోతుంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి.

పోర్ట్రెయిట్ కోసం లెక్క కట్టి చేసిన తొలి లెన్సు 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించినది, ఫోక్ట్‌లాండర్ కంపెనీ తయారు చేసింది. ఆ రోజుల్లో మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. ఈ లెన్సు వెలుగును ఎన్నో రెట్లు ఎక్కువ రాబట్టి ఆ కాలాన్ని బాగా తగ్గించింది. మధ్యలో చక్కటి షార్ప్‌నెస్, అంచుల్లో సుడి. మొహం మధ్యలో ఉంటే చాలన్న లెక్క మీద అది నడిచింది. బరంపురం పెద్ద బజారు చుట్టుపక్కల పాత ఇళ్ల గోడల మీద ఇప్పటికీ కోడిగుడ్డు ఆకారపు అట్ట మౌంటులో తాతల ఫొటోలు కనిపిస్తాయి. తల, ఛాతీ మాత్రమే, అంచులన్నీ మౌంటు కింద దాగి ఉంటాయి. పాత లెన్సుకు అంతకంటే తగిన ఫ్రేము లేదని నా నమ్మకం.

దంపతుల ఫొటో

ఎక్కువ సమయం పట్టిందీ, నాకు ఎక్కువ చెప్పిందీ ఇదే.

ఇద్దరూ బరంపురం పట్టు జోడా కట్టుకున్నారు. ఆయనకు పట్టుపంచె, ఆవిడకు చీర, రెండింటికీ ఫోడా కుంభం అంచు. గుడి శిఖరాల్లా మెట్లు మెట్లుగా పైకి లేచే కోణాలు, పక్కపక్కన వరసగా. ఆ జోడా ఆయన తన మగ్గం మీద తానే నేసుకున్నది. ఆ సంగతి నాకు కూర్చోబెట్టాకే తెలిసింది. తెలిసిన క్షణం నుంచీ ఈ ఫొటోలో మొహాలెంత ముఖ్యమో అంచూ అంతే ముఖ్యం అయింది.

పెరట్లో బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టి, మోకాళ్ల దాకా వచ్చేలా నిలువు ఫ్రేము పెట్టాను. హెలియోస్‌తో రెండున్నర మీటర్ల దూరం. మొదట అమ్మాయి కోరినట్టే ఎఫ్/2 దగ్గర. వెనకాల కరివేపాకు చెట్టు, దాని వెనక పనస. సుడి అద్భుతంగా వచ్చింది. కెమెరా తెర మీద చిన్నగా చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పెద్దది చేసి చూస్తే కథ వేరు. ఇద్దరు మనుషుల పోర్ట్రెయిట్‌లో ఫ్రేము సరిగ్గా మధ్యలో ఎవరి మొహమూ ఉండదు. ఇద్దరి భుజాలు కలిసేచోటు ఉంటుంది. అంటే లెన్సు బాగా చూడగలిగిన ఒక్క చోటును భుజాలకిచ్చి, రెండు మొహాలనూ దాని పక్కలకు తోసేశాం. నిలువు ఫ్రేములో అవి పై మూడో వంతులోకి కూడా జరిగాయి. కనురెప్పల చుట్టూ పలచటి మెరుపు పొర. కింద, ఒడి మీద పరుచుకున్న కుంభం అంచు ఫ్రేము అట్టడుగుకు పోయింది. అక్కడ కోణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఎర్రగా సాగిన చారలయ్యాయి.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని కెమెరా తెర చూశారు. మొహాల గురించి ఒక్క మాట అనలేదు. వేలితో అంచు చూపించి, “ఏటి బాబూ, కుంభం ఇలాగైపోనాది? మెట్టు మెట్టూ లెక్కెట్టి నేసినాను నాను. ఇందులో మెట్టే లేదు” అన్నారు.

ఆ మాటతో ఈ ఫొటో తేలిపోయింది. అయినా కేసు పూర్తి చేయాలని అపెర్చర్ మూస్తూ వెళ్లాను. ఎఫ్/2.8 దగ్గర మొహాలు నిలబడ్డాయి, సుడి సగానికి తగ్గింది, అంచు ఇంకా మసకే. ఎఫ్/4 దగ్గర సుడి దాదాపు లేదు. ఎఫ్/5.6 దగ్గర కుంభం మెట్లు కనిపించాయి. కానీ అప్పటికి ఆ ఫొటోలో హెలియోస్ అని గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు, కాస్త తక్కువ కాంట్రాస్ట్ తప్ప. ఆ ఫొటో కోసం హెలియోస్ తేవాల్సిన పనే లేదు.

తర్వాత 85 ఎంఎం పెట్టి మూడున్నర మీటర్ల దూరానికి వెనక్కి జరిగి, ఎఫ్/5.6 దగ్గర అదే ఫ్రేము తీశాను. ఆ దూరంలో అర మీటరుకు పైగా లోతు ఫోకస్‌లో ఉంటుంది. ముక్కు నుంచి మోకాళ్ల మీది చీర దాకా సరిపోయింది. చెట్టు మామూలుగా మసకగా వచ్చింది. ప్రతి కుంభం విడివిడిగా నిలబడింది.

పెరటి ఫొటో: హెలియోస్ గెలిచిన చోటు

అమ్మాయి ముచ్చట తీరాలి, లెన్సుకూ న్యాయం జరగాలి. అందుకని తండ్రిగారిని ఒక్కరినే, జోడా మార్చించి, తెల్ల చొక్కా, నేత కండువాతో అదే చెట్టు ముందు కూర్చోబెట్టాను. అడ్డ ఫ్రేము, దూరం మీటరున్నర, మొహం మధ్యకు దగ్గరగా. చేతిలో నాడె, అంటే మగ్గంలో పేక దారం నడిపే పనిముట్టు, పట్టుకుంటానన్నారు. ఒడిలో పెట్టుకుంటే ఫ్రేము అడుక్కు పోతుందని, గుండెకు దగ్గరగా తెచ్చి రెండు చేతులతో పట్టుకోమన్నాను. అలా కళ్లు, మీసం, నాడె, వేళ్లు, ఆయనకు ముఖ్యమైనదంతా నడిమి వలయంలోకి వచ్చింది.

హెలియోస్ 44-2లో ఒక సదుపాయం ఉంది. అపెర్చర్‌కు రెండు రింగులుంటాయి. ఒకటి టిక్ టిక్‌మని ఆగేది, రెండోది జారుతూ తిరిగేది. జారే రింగుతో ఎఫ్/2కీ 2.8కీ మధ్య ఎక్కడైనా నిలపొచ్చు. నేను సుమారు 2.4 దగ్గర నిలిపాను. ఆ దూరంలో ఫోకస్ లోతు తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ముక్కు, కళ్లు రెండూ పడతాయి. సుడి పోలేదు. రెప్పల చుట్టూ మెరుపు పొర పోయింది. ఆ కాస్త జరపడంలో ఎంత తేడా వస్తుందో కళ్లారా చూస్తే గానీ నమ్మలేం.

ఇబ్బంది వెలుగుతో వచ్చింది. ఆకుల సందుల్లోంచి ఎదురుగా వచ్చే ఎండ నేరుగా లెన్సులో పడుతోంది. కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కోటి తన మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి తిప్పుతుంది. పాత ఒంటి పొర కోటింగ్ దాన్ని తగ్గిస్తుంది గానీ ఇప్పటి మల్టీ కోటింగ్ అంతగా కాదు. ఆ తిరిగిన వెలుగు లోపలే తిరుగుతూ ఫొటో అంతటా పలచగా పరుచుకుంటుంది. నీడల్లో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫు) ఎడమ గోడను వదిలి లోపలికి జరిగిపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత లెన్సు చర్మాన్ని మృదువుగా చూపిస్తుందని అందరూ అంటారు. తెల్లటి చర్మం మీద, మబ్బు వెలుగులో ఆ మాట చెల్లుతుందేమో. మన చామనఛాయ, నలుపు మొహాలకు అందం నీడల లోతులో ఉంది. ఆ లోతు మీద ఈ బూడిద పొర పడితే మొహం పాలిపోతుంది. నుదుటి మీద చెమట మెరుపు ఉంటే ఆ మెరుపు చుట్టూ కూడా పొర వ్యాపిస్తుంది. అందుకే ఈ మొహాలకు పాత లెన్సు వాడేవాళ్లు హుడ్ (లెన్సు ముందు పెట్టే నీడ తొడుగు) లేకుండా తీయకూడదంటాను. లెన్సుకు 49 ఎంఎం రబ్బరు హుడ్ వేశాను. అదీ చాలక ఇంటి అబ్బాయి చేత నల్ల గొడుగు పట్టించి, ఫ్రేములో పడకుండా లెన్సు పైన నీడ పెట్టించాను. నుదురు టవల్‌తో అద్దించాను. హిస్టోగ్రామ్ మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. మిగిలిన కొద్ది తేడా రా ఫైలులో (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫైలు) నలుపు పాయింటు జరిపితే సరిపోయింది. గొడుగు లేకుండా తీసిన ఫ్రేముల్లో కూడా నలుపును అలా వెనక్కి లాగొచ్చు గానీ, నీడల్లో నాయిజ్, అంటే గరుకు చుక్కలు, లేస్తుంది.

ఆ ఫొటోలో ఆయన చూపు నాడె మీద లేదు, కెమెరా మీదా లేదు, పక్కన గొడుగు పట్టుకున్న కొడుకు మీద ఉంది. ఆకులు ఆ మొహం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ సుడి మన చూపును పక్కకు పోనివ్వకుండా ఆయన దగ్గరే ఆపుతుంది. కొత్త 85తో అక్కడే తీసిన ఫ్రేము శుభ్రంగా ఉంది, తప్పు పట్టడానికి లేదు. కానీ నా ఓటు హెలియోస్ ఫ్రేముకే.

అమ్మగారి ఫొటో

ఆయన భార్యను, అంటే అమ్మాయి తల్లిగారిని, గదిలో కిటికీ పక్కన టాకుమార్‌తో తీశాను. మొహానికి పసుపు రాసుకుని, పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకుని వచ్చారు. తేనెరంగు తిరిగిన లెన్సు, పసుపు రాసిన మొహం. కెమెరాను తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు తనే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌కు వదిలేస్తే అది లెన్సు రంగునూ మొహం మీది పసుపునూ ఒకటే అనుకుని రెండింటినీ కడిగేసింది. బుగ్గలు చల్లగా, కాస్త నీలంగా వచ్చాయి. గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) ఆవిడ చేతికిచ్చి దాని మీద వైట్ బ్యాలెన్స్ తీసుకుంటే లెన్సు రంగు పోయింది, పసుపు మిగిలింది. టాకుమార్ ఉన్నవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి.

ఎఫ్/1.4 దగ్గర ముక్కుపుడక మెరుపు చుట్టూ ఊదారంగు వలయం వచ్చింది. ఎఫ్/2 దగ్గర చాలావరకు పోయింది. 2.8 దగ్గర అసలు లేదు. ఆ 2.8 ఫ్రేమునూ, కొత్త 85తో తీసిన ఫ్రేమునూ పక్కపక్కన ప్రింటు వేస్తే ఏది దేనిదో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. పాత లెన్సు మేలూ చేయలేదు, చేటూ చేయలేదు. ఇలాంటి ఫలితం గురించి ఎవరూ రాయరు గానీ, పనిలో ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే.

పెద్దామె

ఆయన తల్లిగారు ఎనభై దాటారు. కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. తెల్ల నూలు చీర, మెడలో తులసి పూసలు. “మా మామ్మకు ముడతలు కాస్త తగ్గేలా ఆ పాత లెన్సుతోనే తీయండన్నయ్యా” అంది మనవరాలు.

హెలియోస్‌తో మొదలుపెట్టాను. మొహం నిండుగా రావాలంటే 58 ఎంఎంతో మీటరు దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గర నుంచి ఎవరి ముక్కయినా ఉన్నదానికంటే పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. ఇది లెన్సు పాతదా, కొత్తదా అన్న దానితో సంబంధం లేని సంగతి, దూరం వల్ల వచ్చేది. పైగా ఎఫ్/2 దగ్గర మీటరు దూరంలో ఫోకస్ లోతు మూడున్నర సెంటీమీటర్లు. ఆ వయసు మనిషి ఊపిరి పీల్చి వదిలితేనే తల అంత కదులుతుంది. ఫోకస్ ఉన్న చోటును తెర మీద రంగు వేసి చూపే ఫోకస్ పీకింగ్ రంగు రెప్పల మీద వెలుగుతూనే ఉంది, ఫొటోలో మాత్రం ఫోకస్ చెవి దగ్గరో ముక్కు మీదో పడుతోంది. తెరిచిన అపెర్చర్‌లో పాత లెన్సు మెరుపు పొర పీకింగ్‌ను తప్పుదారి పట్టిస్తుంది. కంటిపాపను పెద్దది చేసి చూసి ఫోకస్ చేయడం ఒక్కటే దారి. ఈ లోపు ఆవిడ అలసిపోతున్నారు. పెద్దవాళ్లతో పనిలో ఇది చిన్న విషయం కాదు. కొత్త కెమెరాలు కంటిని వాటంతట అవే పట్టుకోవడం వల్ల మిగిలేది ఫొటోగ్రాఫర్ శ్రమ కంటే ముందు వాళ్ల ఓపిక.

కాసేపు మజ్జిగ తాగించి, వీపు ఆనే కుర్చీలోకి మార్చి, తల వెనకాల దిండు పెట్టించాను. నిక్కోర్ 105 తగిలించి రెండు మీటర్ల దూరానికి వెనక్కి జరిగాను. ఎఫ్/4. ఆ దూరంలో ఎనిమిది సెంటీమీటర్ల లోతు. కిటికీ ఎడమ పక్కన, పలచటి తెల్ల పంచె అడ్డం కట్టి వెలుగును మెత్తబరిచాను.

తెర మీద బొమ్మ చూసి మనవరాలు కూడా మాట్లాడలేదు. ముడతలు ఒక్కటీ పోలేదు, కానీ గీసినట్టుగా, కోసినట్టుగా లేవు. ఈ లెన్సు కాంట్రాస్ట్ ఇప్పటి లెన్సులకంటే ఒక పిసరు తక్కువ. గీత లోపలి నీడ మరీ నల్లబడకుండా ఆగుతుంది. కన్ను మాత్రం కన్నుగానే ఉంటుంది. కంటిపాపలో కిటికీ చట్రం నాలుగు గళ్లుగా కనిపిస్తోంది. పాత లెన్సు ముడతలకు మేలు చేస్తుందన్న మాటలో నిజం ఇంతవరకే. ముడతను మసక చేసే లెన్సు అక్కర్లేదు, ముడతలో నీడను తేలిక చేసేది కావాలి. అందులోనూ సగం పని వెలుగుది.

ప్రింటు చేతికిచ్చినప్పుడు ఆవిడ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. “నా తులసి పూసలు లెక్కెట్టుకోవచ్చు నాయనా” అన్నారు.

ఎంపిక ఎలా జరిగింది

ఏ లెన్సుతో తీశానో చెప్పకుండా, అన్నిటినీ 12×18 ప్రింట్లు వేసి చాప మీద పరిచాను. అంతకు ముందే అమ్మాయికి అవే ఫొటోలు ఫోన్‌లో పంపాను. ఫోన్‌లో ఆమె దంపతుల ఫొటోల్లో ఎంచుకున్నది హెలియోస్ ఎఫ్/2 ఫ్రేము. చాప మీద, ఎవరూ చెప్పకుండానే, దాన్ని పక్కన పెట్టి 85తో తీసినది తీసుకుంది.

ఈ తేడాకు కారణం సైజు. 24 మెగాపిక్సెల్ ఫొటోకు పొడవు వైపు 6000 పిక్సెళ్లు. 30 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 200 చొప్పున పడతాయి. అన్నీ కనిపిస్తాయి, మసకతో సహా. ఫోన్ తెర ఆ పిక్సెళ్లలో చాలావాటిని కలిపేస్తుంది. అంచుల మసక దాక్కుంటుంది, సుడి మాత్రం నిలబడుతుంది. పాత లెన్సుల మీద మోజు ఫోన్ల కాలంలోనే ఇంత పెరగడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. అందుకే ఇప్పుడు ఆర్డరు తీసుకునేటప్పుడు మొదటి ప్రశ్న “ఏ లుక్ కావాలి” అని అడగను. “ఈ ఫొటో ఎక్కడ పెట్టుకుంటారు, ఎంత సైజు” అని అడుగుతాను. రెండో ప్రశ్న, “ఇందులో మొహం కాక ఇంకేం కనబడాలి”. నగ, చీర అంచు, చేతిలో వస్తువు, ఒళ్లో మనవడు, ఏదైనా సరే. మన ఇళ్లలో పోర్ట్రెయిట్ అంటే మొహం ఒక్కటే అయిన సందర్భాలు తక్కువ. పెళ్లిలోనూ, ఉపనయనంలోనూ, షష్టిపూర్తిలోనూ ఒంటి మీద ఉన్నదంతా చెప్పుకోవాల్సిన కథే.

గోడకు వెళ్లింది 85 ఫొటో. పెద్దామెది నిక్కోర్ ఫొటో, అమ్మగారిది టాకుమార్ ఫొటో. తండ్రిగారి నాడె ఫొటో హెలియోస్‌దే. దాన్ని ఆయన హాల్లో కాకుండా మగ్గం ఉన్న గదిలో పెట్టించుకున్నారు. ఇంకో కాపీ అమ్మాయి హైదరాబాద్ పట్టుకెళ్లింది.

హెలియోస్ కొత్తగా కొన్నవాళ్లు మనిషిని కూర్చోబెట్టే ముందు చేసుకోవాల్సిన పని ఒకటుంది. వార్తాపత్రిక పేజీలు గోడకు చదునుగా అంటించి, ట్రైపాడ్ మీద కెమెరాను గోడకు సూటిగా పెట్టి, మీరు పోర్ట్రెయిట్ తీసే దూరం నుంచే ఎఫ్/2, 2.8, 4, 5.6 దగ్గర ఒక్కో ఫ్రేము తీయండి. ఫోకస్ మధ్యలో చేయండి. కంప్యూటర్‌లో అక్షరాలు చదవడానికి వీల్లేకుండా పోయే చోట వలయం గీసుకోండి. మీ లెన్సుకు ఏ అపెర్చర్ దగ్గర ఎంత జాగా దొరుకుతుందో ఆ వలయమే చెబుతుంది. నా దాని కొలతలు మీకు పనికిరావు. ఇవి ఒకటి కంటే ఎక్కువ ఫ్యాక్టరీల్లో తయారయ్యాయి, చాలావాటిని ఎవరో ఒకరు విప్పి మళ్లీ బిగించారు. ఒక పక్క అక్షరాలు బాగుండి రెండో పక్క మసకగా ఉంటే ఎలిమెంటు పక్కకు జరిగి బిగిసిందని అర్థం. అలాంటిది ఏ పోర్ట్రెయిట్‌కూ పనికిరాదు, అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి.